గాలోడి కారు, ఎడమ తలుపు

ఎడమ తలుపు లోపలి అట్టకి ఏడు స్క్రూలు. మేస్త్రి నాలుగు విప్పి డబ్బా మూతలో వేశాడు. ఐదోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బలవంతం చెయ్యలేదు. ఒక చుక్క నూనె వేసి, స్క్రూడ్రైవర్ పిడి మీద సుత్తితో రెండుసార్లు మెల్లగా తట్టి, చెయ్యి తుడుచుకుని పీట మీద కూర్చున్నాడు. నూనె దిగడానికి దాని టైం దానికివ్వాలి. తొందరపడితే స్క్రూ తల అరిగిపోతుంది, తర్వాత డ్రిల్లు పట్టుకోవాలి, డ్రిల్లు పడితే రేకుకి దెబ్బ.

షెడ్డు గాలోడిది, వాళ్ల ఇంటి పక్కనే. కారూ గాలోడిదే. గాలోడు పోయి నలభై రోజులు దాటింది.

వారంలో కారుని ఫోటో స్టూడియో ఓనరు పట్టుకుపోతాడు. జనాన్ని అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాడట. ఇంజను తీసెయ్యమన్నాడు, ఎడమ తలుపు మీద రంగు పగిలి పెచ్చులు లేస్తున్నాయి, అది బాగుచెయ్యమన్నాడు. గాలోడి భార్య వచ్చి అడిగినప్పుడు మేస్త్రి వెంటనే ఒప్పుకున్నాడు. ఆవిడ మీద జాలితో అనుకుంది వీధి. జాలి కాదు. ఆ అట్ట వెనక ఏముందో చూడాలి. మూడేళ్ల కిందట ఈ తలుపుని పాడుచేసిన చెయ్యి ఎవరిదో తేల్చుకోవాలి. మెయిన్ రోడ్డు మీది కొత్త షాపు వాళ్లదని మూడేళ్లుగా అతని నమ్మకం. ఆ షాపుని అతను లప్పం కొట్టు అంటాడు. అక్కడ సుత్తి కంటే లప్పం గరిటె ఎక్కువ ఆడుతుంది. నొక్కు పడిన చోట రేకుని కొట్టి తియ్యరు, పైన లప్పం మెత్తి, రుద్ది, రంగేసి పంపిస్తారు. అలాంటి వాళ్ల చేతికి గాలోడు ఈ తలుపుని ఇచ్చాడంటే, ఇక ఆ స్నేహం ఎందుకు?

మేస్త్రికి పని ఎవరూ నేర్పలేదు. పద్నాలుగో ఏట పాత సామాన్ల కొట్టులో ముక్కలు ఏరే పనికి చేరాడు. సొట్టలుపడ్డ మడ్‌గార్డులు తూకానికి వచ్చేవి. మధ్యాహ్నం ఓనరు కునుకు తీసే వేళ ఒక్కోటీ తీసి, అది ఎలా వంగిందో చూసి, వచ్చిన దారినే వెనక్కి పంపడానికి చూసేవాడు. వంద పాడుచేశాక నూట ఒకటోది కుదిరింది. అలా డెంటింగ్ మేస్త్రి అయ్యాడు. నలభై ఏళ్ల సుత్తి చప్పుడుకి ఎడమ చెవి పోయింది. మాట తక్కువ. అతని మాటకీ మాటకీ మధ్య లారీ తిప్పుకోవచ్చు అనేవారు. తిట్టడం మొదలెడితే మాత్రం ఆ సందు ఉండేది కాదు.

మేస్త్రి కొట్టుకి నాలుగు కొట్ల అవతల గాలోడి టైర్ల షాపు. పంక్చర్లు వేసేవాడు, గాలి కొట్టేవాడు, గాలిలో మేడలు కట్టేవాడు. ఆ పేరు అందుకే వచ్చిందో ఇందుకే వచ్చిందో అతనికే తెలీదు. కంప్రెసరైనా అప్పుడప్పుడు ఆగేది గానీ అతని నోరు ఆగేది కాదు. ఒకరోజు జానెడు బొమ్మకారు తెచ్చి, మేస్త్రి రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ, డాలీ పక్కన పెట్టాడు. రెండు సీట్ల రేసు కారు, పైకప్పు లేదు, పసుపు రంగు, మూతి నేలకి ఆనుకున్నట్టు ఉంది.

"ఒరే మేస్త్రీ, దీన్ని పెద్దది చేద్దాం."

"పిచ్చా?"

"కొలతలు తీసి పద్దెనిమిదితో హెచ్చవేస్తే సరి. లెక్క నాది, రేకు నీది."

"అసలు కారుని నువ్వు చూశావా?"

"నేనే కాదు, ఈ ఊళ్లో ఎవడూ చూళ్లేదు. ఇంక తప్పు పట్టేదెవడ్రా?"

"నేను పడతా" అన్నాడు మేస్త్రి.

అలా మొదలైంది. షెడ్డు నేల మీద సుద్దముక్కతో కారు బొమ్మ గీశారు. తుక్కుకి పోతున్న కూరగాయల వ్యాను ఒకటి దొరికితే దాని ఛాసిస్, ఇంజను వాడుకున్నారు. వీధి వాళ్లు ఊరుకుంటారా? "లోపల కూరగాయల వ్యాను, బయట విమానం" అన్నారు. "పైన పటారం లోన లొటారం" అని టీ కొట్టాయన రోజూ ఒకసారి అనకపోతే అతనికి టీ మరిగేది కాదు. గాలోడు నవ్వి ఊరుకునేవాడు. ఆదివారాలూ, సెలవులూ, మధ్యాహ్నం తిండి వేళలూ కలిపితే తొమ్మిదేళ్లు పట్టింది.

కుడి తలుపు పన్నెండు రోజుల్లో కుదిరింది. ఎడమది మూడుసార్లు పారేశాడు మేస్త్రి. ఇసక సంచి మీద కొట్టి, కొయ్య అచ్చు మీద ఆనించి, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూసేవాడు. ఎక్కడో ఒకచోట వెలుగు విరిగేది. "బాగానే ఉందిగా!" అనేవాడు గాలోడు. "బాగానే ఉందిలే అన్నది బాగున్నట్టు కాదు" అని రేకుని మూలకి విసిరేవాడు మేస్త్రి. నాలుగోది కుదిరింది. దాని మీద లప్పం గోరంత కూడా పడలేదు. సుత్తి దిగి నేరుగా రంగెక్కిన రేకు అది. ఆ తలుపు మీద గాలోడు ఒకసారి టీ గ్లాసు పెట్టాడని మూడు రోజులు తిట్టాడు మేస్త్రి. మూడో రోజు గాలోడు చేతులు జోడించి, "ఒరే, నన్ను కొట్టెయ్, పనైపోతుంది" అన్నాడు.

కారు పూర్తయి, రోడ్డెక్కి, నెల తిరగలేదు. మేస్త్రి అక్కకి ఆపరేషనని వేరే ఊరు వెళ్లి పది రోజులుండి వచ్చాడు. వచ్చీ రాగానే షెడ్డుకి వెళ్లాడు. ఎడమ తలుపు దగ్గర ఆగాడు. రంగులో చిన్న తేడా. వేలితో తట్టాడు. రేకైతే మోగుతుంది, లప్పం మోగదు. చెవి ఒకటే పనిచేసినా అతనికి ఆ తేడా తెలుసు.

"ఎవడు చేశాడు?"

గాలోడు టైరు విప్పుతూ తలెత్తలేదు. "చిన్న దెబ్బ తగిలిందిలే. చేయించా."

"ఎవడితో?"

"ఎవడైతే ఏంట్రా? నువ్వు ఊళ్లో లేవు. బాగానే ఉందిగా!"

మేస్త్రి ఇంకేం అడగలేదు. షెడ్డులో ఉన్న తన సుత్తులూ, డాలీలూ, గ్యాసు మంట గొట్టమూ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మూడేళ్లు. నాలుగు కొట్ల దూరం. మేస్త్రి తన బండికి గాలి వేరే వీధిలో కొట్టించుకునేవాడు. గాలోడు టీ తాగే వేళకి టీ కొట్టుకి వెళ్లేవాడు కాదు. తర్వాత గాలోడికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఊరందరి టైర్లకీ గాలి నింపినవాడికి రెండు మెట్లెక్కే గాలి లేకుండా పోయింది. పోయిన రోజు మేస్త్రి ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. ఇంట్లోకి వెళ్లలేదు.

ఐదో స్క్రూ వచ్చింది. ఆరు, ఏడు సులువుగానే వచ్చాయి. అట్టని రెండు చేతులతో పట్టి బయటికి లాగాడు. బ్యాటరీ లైటు వేసి తల లోపలికి పెట్టాడు.

పైన లప్పంతో ఎన్ని మాయలైనా చెయ్యొచ్చు. రేకు వెనక వైపు ఏం చేశారో అలాగే ఉండిపోతుంది. మేస్త్రి చూశాడు. ముందు అతనికి అర్థం కాలేదు. డెంటింగ్ పని తెలిసినవాడి దెబ్బలు కావు అవి. సుత్తి దెబ్బ గుండ్రంగా పడుతుంది. ఇవి నెలవంకల్లా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, ఇరవై ముప్ఫై. డాలీ ఆనించకుండా గాల్లో కొట్టినట్టున్నాడు, రేకు సాగిపోయింది. సాగిన రేకు ఊరుకోదు. నొక్కితే లోపలికి టక్కుమంటుంది, వదిలితే బయటికి టక్కుమంటుంది. ఆ చప్పుడు ఆపడానికి వెనక నుంచి ఏదో అంటించాడు. నల్లగా, రెండు అరచేతులంత.

మేస్త్రి దాన్ని వేలితో తడిమాడు. రబ్బరు. టైరు ట్యూబు ముక్క. అంచులు చెక్కి పలచన చేసి ఉన్నాయి. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మూల కోసుగా ఉంటే లేస్తుంది, గుండ్రంగా ఉంటే అంటుకుని ఉంటుంది. ఆ మాట అతనికి చెప్పినవాడు ఒక్కడే.

నెలవంకలు టైరు విప్పే ఇనప పట్టీ మొనవి.

తల బయటికి తీశాడు. పీట మీద కూర్చున్నాడు. లైటు ఆర్పడం మర్చిపోయాడు.

వాకిట్లో బట్టలు ఆరేస్తున్న గాలోడి భార్య చూసి, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది.

"ఏమైంది అన్నయ్యా? చెయ్యి తెగిందా?"

"చెల్లెమ్మా, ఈ తలుపు వాడే కొట్టాడా?"

ఆవిడ చెంబు కింద పెట్టింది. కారుని చూడలేదు. తలుపు వైపూ చూడలేదు.

"నాతో ఒట్టేయించుకున్నారు. ఇప్పుడు ఆయనే లేరు, ఒట్టు ఎవరికి?" అంది. "తొమ్మిదేళ్లలో నన్ను దీంట్లో ఎక్కించింది ఆ ఒక్క రోజే. మీరు ఊళ్లో లేరు. అలా తిరిగొద్దాం రావే అన్నారు. బాగానే తిప్పారు. తీరా ఇంటికొచ్చాక మన గేటు స్తంభానికే రాసుకునేలా పోనిచ్చారు. నేను కూర్చున్న వైపు. నాకు దెబ్బ తగిలిందా అని కూడా అడగలేదు, దిగి తలుపు చూసుకున్నారు. రోడ్డు మీదే కూర్చుండిపోయారు."

"నాకు చెప్పొచ్చుగా!"

"మీకా?" ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు. "టీ గ్లాసుకి మూడు రోజులు తిట్టారు మీరు. ఇంక దీనికి? మేస్త్రి వచ్చేలోపు నేనే తీసేస్తానే అన్నారు. వారం రోజులు షాపు మూసి లోపల టకటకా కొట్టారు. కొట్టినకొద్దీ పెద్దదైంది. చివరికి లప్పం ఎక్కడో కొనుక్కొచ్చి పూశారు. రంగూ ఆయనే. చేతికి అంటిన పసుపు పది రోజులు పోలేదు."

మేస్త్రి లైటు ఆర్పాడు.

"పావుగంట పని" అన్నాడు చివరికి. "స్తంభానికి రాసుకున్న సొట్ట. డాలీ ఆనించి నాలుగు దెబ్బలు వేస్తే వచ్చేది. పావుగంట."

"తిట్టేవారుగా?"

"తిట్టేవాణ్ణే. తిట్టి, చేసేవాణ్ణి."

"ఆయనకి మొదటిదే వినపడింది అన్నయ్యా. రెండోది వినపడలా."

మేస్త్రికి ఇంకో సంగతి అడగాలని ఉంది. పోవడానికి రెండు వారాల ముందు గాలోడు టీ కొట్టాయనతో కబురు పంపాడు. తలుపు సంగతి మాట్లాడాలి, ఒకసారి రమ్మను అని. మేస్త్రి చేతిలో పని ఆపకుండానే, "తలుపు చేసినోణ్ణే పిలిపించుకోమను" అన్నాడు. అప్పుడు దెబ్బకి దెబ్బ సరిగ్గా కొట్టాననుకున్నాడు. టీ కొట్టాయన అది చెప్పాడో మింగేశాడో ఇన్నాళ్లూ తెలీదు. మింగేసి ఉంటే బాగుణ్ణని ఇవాళే మొదటిసారి అనిపించింది.

"కబురు పంపాడు చెల్లెమ్మా. నేను..."

"తెలుసు. మీరన్నది అన్నట్టే చెప్పాడు టీ కొట్టాయన. అక్షరం తగ్గించలేదు."

"ఏమన్నాడు?"

"నవ్వారు. చేసినోడు ఇక్కడే మంచం మీద ఉన్నాడుగా, ఇంక ఎక్కణ్ణుంచి పిలిపిస్తాను అన్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది, దగ్గొచ్చింది. నవ్వితే దగ్గొచ్చేది." ఆవిడ చెంబు తీసుకుంది. "నన్నడిగితే మీ ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఈ ఇనప ముక్క నాకు సవతైతే మీకు బిడ్డ. పట్టుకుపోతాడు, పీడా పోతుంది. మీరు తొందరగా కానివ్వండి."

పొద్దు వాలేదాకా మేస్త్రి పని ముట్టలేదు. ఇంటికి పోయాడు. భార్య అన్నం పెడితే తిని పడుకున్నాడు. "ఎవరిదో తేలిందా?" అని ఆవిడ అడిగితే, "తేలింది" అన్నాడు, అంతే. మర్నాడు పొద్దున్నే పెద్ద సంచితో వచ్చాడు.

ఒక దారి సులువైనది ఉంది. పైన పెచ్చులు గీకి, ఇంకో పొర లప్పం వేసి, రంగు కొడితే స్టూడియోలో పదేళ్లు నిలుస్తుంది. గాలోడి చేతిపని గాలోడి చేతిపనిగా ఉండిపోతుంది. ఒక నిమిషం ఆ ఆలోచన కూడా వచ్చింది. తర్వాత తలుపు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. లోపల టక్కుమంది. మేస్త్రి తలుపు బందులు విప్పడం మొదలెట్టాడు.

పై నుంచి లప్పం తీశాడు. ఒక్కోచోట వేలి మందం. సాగిన రేకుని మళ్లీ బిగించాలంటే మంట పెట్టాలి. మంట పెట్టాలంటే వెనక రబ్బరు ముక్క ఉండకూడదు. చాకుతో అంచు లేపబోయాడు, లేవలేదు. థిన్నర్‌తో తడిపి ఆగాడు, లేవలేదు. ఉప్పుకాగితం పట్టుకుని రుద్దాడు. గంటన్నర రుద్దాడు. చెమటలు కారాయి.

"రేకు పని చేతకానోడివి రేకు జోలికి ఎందుకెళ్లావురా!" అన్నాడు పైకే. మూడేళ్ల తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అదే. "ప్యాచ్ మాత్రం ఏం వేశావురా వెధవా!"

బుడగ లేదు, ముడత లేదు. అంటించే ముందు గాలోడు రేకుని తీగ బ్రష్షుతో చిన్న చిన్న సున్నాలు చుట్టి గరుకు చేశాడు, సొల్యూషన్ పలచగా రెండు పూతలు వేసి ఆరనిచ్చాడు. మూడు వేసవులు, మూడు వానాకాలాలు గడిచినా ఒక్క మూల లేవలేదు. తన నలభై ఏళ్ల పనిలో లప్పం కొట్ల వాళ్లవి ఎన్నో విప్పాడు మేస్త్రి. ఇంత శ్రద్ధగా చేసిన తప్పు ఎక్కడా చూడలేదు. ఆ శ్రద్ధకే కోపం వచ్చింది. కంట్లో పొడి పడిందని మొహం కడుక్కొచ్చాడు. మిగిలిన రబ్బరు ముక్కని గీకి, చెత్త డబ్బాలో వేశాడు.

ఆ తర్వాత రెండు రోజులు తలుపుతోనే. గ్యాసు మంట పెట్టి పావలా బిళ్లంత చోట ఎర్రబారనిచ్చి, చుట్టూ కొయ్యసుత్తితో తట్టి, తడిగుడ్డ అద్దాలి. చుయ్యిమని ఆవిరి లేచి రేకు కొంచెం ముడుచుకుంటుంది. మళ్లీ పక్కన ఇంకో బిళ్ల. ఎక్కువ ముడిస్తే లాగుతుంది, తక్కువైతే టక్కుమంటుంది. స్టూడియో ఓనరు చూడ్డానికి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోను.

"ఏంటండీ మేస్త్రిగారూ, మొత్తం విప్పేశారు? పైన పూసేస్తే పోయేదిగా! ఫోటోలో ఏం కనపడుతుంది?"

"ఫోటోలో కనపడదు."

"మరి?"

"నాకు కనపడుతుంది. అవతలికి జరగండి, మంట."

మూడో రోజు సాయంత్రం తలుపుని ఎండకి అడ్డంగా పట్టుకుని చూశాడు. వెలుగు ఒక కొసన మొదలై రెండో కొస దాకా ఆగకుండా జారిపోయింది. పక్కనుండి చూసేవాడు లేడు. బాగానే ఉందిగా అనేవాడు లేడు. ప్రైమర్ కొట్టాడు. పాత రంగు డబ్బాలో అడుగున గట్టిపడిపోయింది. కొత్తగా మూడు రంగులు కలిపి, కుడి తలుపు పక్కన అద్ది చూసి, మళ్లీ కలిపి, ఐదోసారికి కుదిర్చాడు. తలుపు బిగించాక ఇంజను పని పట్టాడు. పుల్లీతో ఎత్తి బయటికి దింపాడు. కూరగాయల వ్యాను ఇంజను నేల మీద నూనె కార్చుకుంటూ కూర్చుంది. దాన్ని పాత సామాన్ల వాడు వచ్చి తూకానికి పట్టుకుపోయాడు. ఇంజను ఉన్న చోట కారులో పెద్ద ఖాళీ. ఆ ఖాళీని కూడా గుడ్డ పెట్టి తుడిచాడు. మూత వేస్తే ఎవరికీ కనపడదు. అయినా తుడిచాడు.

పొద్దున పదింటికి లారీ వచ్చింది. ఓనరు వచ్చాడు, ఎక్కించేవాళ్లు ఇద్దరు వచ్చారు. ఓనరు తలుపు మీద చెయ్యి పెట్టి నిమిరాడు.

"కొత్తదానిలా ఉందండీ. ఏ కంపెనీ లప్పం వాడారు?"

"వాడలేదు."

"భలేవారే! చెప్పకపోతే మానెయ్యండి లెండి, మీ వృత్తి రహస్యం." నవ్వాడు. "ఎలాగూ ఈ తలుపులు తెరిచేది లేదులెండి. వచ్చిన జనం పిల్లలతో వస్తారు, వేళ్లు నలుపుకుంటే నా మెడకి చుట్టుకుంటుంది. లోపల్నుంచి బోల్టులేసి బిగించేస్తా. పైనుంచి దిగి కూర్చుంటారు."

మేస్త్రి కాసేపు అతని మొహం చూశాడు. వీధి వాళ్లెవరో గుమిగూడారు. టీ కొట్టాయన కూడా వచ్చాడు గానీ ఏ సామెతా వెయ్యలేదు. ఇలాంటి మాటకి తిట్లు వినాల్సిందే అని అందరికీ తెలుసు, ఎదురుచూశారు. మేస్త్రి తిట్టలేదు.

"బోల్టు కింద వెడల్పు వాషర్ వెయ్యండి" అన్నాడు. "లేకపోతే రేకు నొక్కుకుపోతుంది."

"అలాగే, అలాగే."

పలకలు వేసి కారుని తోశారు. ఇంజను లేని కారు తేలిగ్గా ఎక్కింది, ఇద్దరే తోశారు. తాడు తలుపు మీదుగా వచ్చింది. లాగి కట్టబోతున్న మనిషిని మేస్త్రి ఆగమన్నాడు. లారీ ఎక్కి, తన భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, తాడుకీ రంగుకీ మధ్య దూర్చాడు. "ఇప్పుడు లాగు. గట్టిగా వద్దు."

ఇంట్లో గాలోడి భార్య గిన్నెలు తోముతోంది. చప్పుడు బయటికి వినపడుతోంది. ఆవిడ రాలేదు, ఎవరూ పిలవలేదు.

మేస్త్రి కిందికి దిగి జేబులోంచి తాళంచెవి తీసి ఓనరుకి ఇచ్చాడు.

"ఇంజనే లేదు, దీనికి తాళం ఎందుకండీ?"

"డిక్కీ తెరుచుకుంటుంది" అన్నాడు మేస్త్రి. "సగం తిప్పి, కొంచెం పైకెత్తి, మిగతా సగం తిప్పాలి. ఒకసారి తిప్పి చూపించండి నాకు."

ఓనరు లారీ ఎక్కి తిప్పాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది.

"సరే" అన్నాడు మేస్త్రి. "తీసుకెళ్లండి."